డోర్నకల్ నుంచి ఇల్లందు దాకా: బొగ్గు కోసం వేసిన పదహారు మైళ్ళ రైలు దారి

సింగరేణి చరిత్ర తెలుసుకోవాలనుకునేవారు సాధారణంగా నేరుగా కొత్తగూడెం వెళతారు. అక్కడి బొగ్గు కోసం వేసిన రైలు దారిని అది పుట్టిన క్రమంలోనే చూడాలన్న కోరికతో నేను మాత్రం డోర్నకల్ జంక్షన్‌లో దిగాను.

జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు పరిసరాల్లో బొగ్గు ఉన్నట్టు గుర్తించినా, రైలు వచ్చేదాకా అది నేలలోనే ఉండిపోయింది. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. అదే కాలంలో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వరంగల్ మీదుగా బెజవాడ వైపు సాగుతూ 1889లో అక్కడికి చేరింది. ఆ ప్రధాన మార్గంలోని డోర్నకల్ నుంచి ఇల్లందు బొగ్గు బావుల వద్దకు దాదాపు పదహారు మైళ్ళ శాఖ వేశారు. తొలినాళ్ళలో ఈ బొగ్గును ఎక్కువగా కొన్నది రైల్వేలే కనుక, బొగ్గు మోయడానికి వచ్చిన ఇంజన్లే ఆ బొగ్గు తిని నడిచాయని చెప్పవచ్చు.

డోర్నకల్‌లో రైలు మారే వ్యవధి ఉంటే, ఇక్కడి క్రైస్తవ మతాధికారి బిషప్ అజరయ్య కాలంలో కట్టిన ఎపిఫనీ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిని తప్పక చూడాలి. దేవాలయ మండపాలను తలపించే దాని స్తంభాల వద్దే నాకు గంటసేపు గడిచింది. స్టేషన్‌లో మాత్రం భోజనం మీద ఆశ పెట్టుకోకుండా వెంట తీసుకెళ్ళడం మేలు.

తర్వాతి మజిలీ కారేపల్లి. సింగరేణి అనే ఊరు నిజానికి ఉన్నది ఈ చుట్టుపక్కలే. బొగ్గు దొరికింది ఇల్లందులో, పేరు మాత్రం సింగరేణిది. ఇల్లందు స్టేషన్‌కే ‘సింగరేణి కాలరీస్’ అని పేరు పెట్టగా, 1920లో కంపెనీ కూడా ఆ పేరునే తీసుకుంది. కొత్తగూడెం వైపు పట్టాలు వేశాక కారేపల్లి జంక్షన్ అయింది, ఇల్లందు వెళ్ళే పాత మార్గం పక్కదారిగా మిగిలిపోయింది. కొత్తగూడెం స్టేషన్‌కు కూడా సొంత ఊరి పేరు లేదు; అక్కడి బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. గోదావరి దాటి వెళ్ళవలసిన క్షేత్రం పేరును ఇంత దూరంలో చూసి భద్రాచలం చేరామనుకునే కొత్తవారికి, అక్కడి నుంచి ఇంకా సుమారు నలభై కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం ఉందని ముందే చెప్పడం అవసరం.

ఇల్లందుకు రైలులో వెళ్ళే వీలు నాకు దొరకలేదు. కారేపల్లి నుంచి ఆటోలో వెళ్ళాను. డ్రైవరు తన తాత బావిలో పనిచేసిన రోజుల గురించి చెబుతూ నడిపాడు, అడిగిన చోటల్లా ఆపాడు. ఈ ప్రయాణంలో నాకు అందిన సేవలన్నింటిలో అదే ఉత్తమం.

బస విషయంలో కొత్తగూడెమే అనుకూలం. ఇల్లందులో నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కాని, నీళ్ళు తెల్లవారుజామున ఆగిపోయాయి, అడిగితే పలికేవారు లేరు. అయినా ఆ రాత్రి అక్కడ ఉన్నందుకు విచారం లేదు. కింగ్ పేరే పెట్టిన ‘కింగ్ సీమ్’ అనే బొగ్గు పొర ఈ నేల కిందే తొలుత బయటపడిందన్న ఎరుకతో, పొద్దున్నే ఆ పాత పట్టాల వెంబడి నడిచాను.