రిజిస్టరులో ‘జ్వరం’ అని ఉంది: యుద్ధ మృతుల జాబితాతో నా ఏడేళ్లు

మా తాతగారి అన్నగారు 1946 మార్చిలో పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలోనే కన్నుమూశారు. 1942లో పయనీర్ దళంలో చేరి, మణిపూర్ కొండల్లో దారులు వేసి, 1945 చివర్లో ఊపిరితిత్తుల జబ్బుతో డిశ్చార్జి కాగితం పట్టుకుని తిరిగివచ్చిన మనిషి. తూటా తగిలి పోలేదు గనుక ఆయన యుద్ధంలో పోయారని మా ఇంట్లోనే ఎవరూ అనుకోలేదు. నాకు మాత్రం అది మింగుడుపడలేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యపు సైన్యాల తరఫున పోయినవారి పేర్లు, సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 2018లో వారి మృతుల జాబితాను మొదటిసారి వెతికాను. ఇప్పటికీ వారానికొకసారైనా దాని ముందు కూర్చుంటాను. ఒడిశా-ఆంధ్ర సరిహద్దుకు ఇటు గజపతి, గంజాంలలో, అటు పాతపట్నం, టెక్కలి వైపు ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా అందరూ పొరబడే విషయం. జబ్బుతో పోయినవారికి ఈ జాబితాలో చోటు ఉండదని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అది తప్పు. రెండో ప్రపంచ యుద్ధానికి కమిషన్ పెట్టుకున్న గడువు 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఆ గడువులో ఉద్యోగంలో ఉండగా చనిపోయిన సైనికుడి విషయంలో ఎలా పోయాడు, ఎక్కడ పోయాడు అన్న పేచీ లేదు. మలేరియా కావచ్చు, విరేచనాలు కావచ్చు, లారీ బోల్తా కావచ్చు, సెలవు మీద ఇంటికి వచ్చి పోయినా సరే. ఈ నిబంధన చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. బర్మా సరిహద్దులో ఏం జరిగిందో తెలిసినవారికి అందులోని న్యాయం అర్థమవుతుంది. 1943లో గాయంతో వెనక్కి పంపిన ఒక్కొక్కరికి జబ్బుతో పంపినవారు 120 మంది చొప్పున ఉన్నారని ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ లెక్క చెప్పారు. దోమకు బలైనవాడిని వదిలేస్తే ఆ యుద్ధపు లెక్కకు అర్థమే ఉండదు.

ఇక వెతకడం. జాబితా ఉచితం, ఎవరైనా చూడవచ్చు. చిక్కంతా ఆనాటి భర్తీ గుమాస్తాలు మన పేర్లు రాసుకున్న తీరులో ఉంది. ఇంటిపేరు చాలామందికి రాయనే లేదు, ఉన్న ఒక్క పేరే ఇంటిపేరు గడిలో కూర్చుంది. ‘సింహాచలం’ పేరునే తీసుకోండి. సిమ్మాచలం, సిమాచలం, సింగాచలం, ఇంగ్లీషులో ఒక్కో గుమాస్తాది ఒక్కో వరస. ఊరి సంగతి మరీ గజిబిజి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది, టెక్కలి వైపు ఊళ్లు మద్రాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. అందుకే ‘గంజాం’ అని ఒక్కదాన్నే పట్టుకుని వెతకకండి, విశాఖపట్నం, మద్రాసు, ఒరిస్సా అన్నీ చూడండి. అన్నిటికన్నా నమ్మదగినది సర్వీసు నంబరు. పతకం పెట్టెలోనో పాత పింఛను కాగితంలోనో నంబరు దొరికితే సగం పని అయినట్టే. లేకపోతే నేను చేసినట్టు, దళం పేరూ సంవత్సరమూ ఇచ్చి, వచ్చిన జాబితా మొత్తం దించుకుని వరసగా చదవాలి. మా వీధి చివరింటివారి తాతగారు నాకు అలాగే దొరికారు. ఆసుపత్రిలో జ్వరంతో పోయిన మనిషి ఇంఫాల్‌లో దహనమైన హిందూ, సిక్కు సైనికుల స్మారకంలో, 800 పైచిలుకు పేర్ల మధ్య ఉన్నారు. ఆ కాగితం తీసుకువెళ్లి ఇస్తే వాళ్ల మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు.

మా పెద్దతాత సంగతి అంత తేలిక కాదు. ఆయన డిశ్చార్జి అయ్యాక పోయారు. అలాంటివారి పేరు జాబితాలో చేరాలంటే, చావుకు కారణమైన జబ్బు సైన్యంలో ఉండగా, ఆ ఉద్యోగం మూలంగా వచ్చిందనో ముదిరిందనో రుజువు చూపాలి. అంటే మూడు కాగితాలు ఒకే మాట చెప్పాలి: సైన్యంలో పనిచేసినట్టు, ఏ జబ్బుతో పంపించారో, ఏ జబ్బుతో పోయారో. మొదటి రెండూ మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మూడోదాని కోసం ఒక కార్యాలయం చుట్టూ రెండేళ్లు తిరిగాను. చివరికి ఊరి జనన మరణాల రిజిస్టరు బయటకు తీశారు. చెదలు తిన్న అంచు, తెలుగులో కరణం గారి గొలుసుకట్టు రాత, కారణం గడిలో ఒకే ఒక్క మాట: జ్వరం. ఆ పేజీలో కిందా పైనా పదకొండు మంది ఉంటే తొమ్మిదిమందికి అదే మాట. డాక్టరు చూడని చావుకు ఆ రోజుల్లో కరణాలు రాసిన మాట అదే. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ మహేంద్రతనయ వంతెన దాటేదాకా తల ఎత్తలేకపోయాను.

అయినా ఈ జాబితా మీద నా గౌరవం తగ్గలేదు. అందులో ఉన్న పేరును నమ్మవచ్చు. లేని పేరును బట్టి మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు. 2021 ఏప్రిల్‌లో కమిషన్ తానే వేసిన సంఘం నివేదిక వచ్చింది: మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవారిలో, ముఖ్యంగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యాలలో, కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది వరకు పేరుపేరునా స్మరణకు నోచుకోలేదని. మన సిపాయిలలో ఎంతోమందికి కూడా తెల్లవారితో సమానమైన స్మరణ దక్కలేదని అదే నివేదిక ఒప్పుకుంది. పాతపట్నం మిత్రుడొకరు 1916లో మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) కలరాతో పోయిన ముత్తాత కోసం అడిగితే నేను చెప్పింది ఇదే. ఆ యుద్ధానికి గడువు 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు. బస్రా స్మారకం గోడ మీద భారత సిపాయిల పేర్లు చెక్కలేదు, అక్కడ పేరు కనబడలేదని నిరాశపడవద్దు, జాబితాలో వెతకండి అన్నాను.

మా దస్త్రంలో ఇప్పుడు నాలుగో కాగితం చేరింది. నాయనమ్మ దాచిన మందుల చీటీ, 1946 ఫిబ్రవరి తేదీతో, మిషన్ ఆసుపత్రి డాక్టరు చేతిరాతలో. జబ్బు పేరు సగం చెరిగింది. మొదటి రెండు అక్షరాలు డిశ్చార్జి కాగితంలోని జబ్బు పేరుతో సరిపోతున్నాయి. దాన్ని మంచి వెలుతురులో మళ్లీ ఫొటో తీయించి వచ్చే వారం కమిషన్‌కు పంపుతున్నాను.