ఈ పెన్సిల్ ప్రాణమంతా తోకలోనే ఉంది

ఇంట్లోనే స్మోకీ ఐ, అంటే రెప్ప మీద నలుపుని పొగలా చెదరగొట్టే అలంకారం, వేసుకోవడానికి నేను చాన్నాళ్ళుగా వాడుతున్న కాజల్ పెన్సిల్ సంగతి ఇది. ఒక కొసన నలుపు, రెండో కొసన తోకలా చిన్న స్పాంజి ఉండే రకం. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి, పేరు అనవసరం. ధర, ఇన్ని గంటలు నిలుస్తుందని డబ్బా మీద వేసే లెక్క అందరికీ తెలిసినవే. నా ప్రేమా, నా కోపమూ రెండూ ఆ స్పాంజి మీదే.

ముందు ప్రేమ. మా ఒడిశా బరంపురంలో పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే అమ్మాయిలు ఐషాడో పెట్టె, అరడజను బ్రష్షులు పరుచుకుని చేసే పనిలో చాలాభాగం ఈ గోరంత స్పాంజితో అయిపోతుంది. పైరెప్ప వెంట్రుకల మొదట్లో లావుగా గీసి, స్పాంజితో పైకి నాలుగుసార్లు అద్దితే చాలు, అంచు పొగలా చెదిరిపోతుంది. గీత వంకరైనా పరవాలేదు, ఎలాగూ చెరిపేసేదే కదా. కంటి చివర ఐలైనర్‌తో తీసే గీత రెండు కళ్ళకీ ఒక్కలా రాక, కడుక్కుని మళ్ళీ గీసుకునే నాలాంటివాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? కొన్న కొత్తలో మా వీధిలో నేను దీనికి జీతంలేని ఏజెంటుని.

పట్టుకోవాల్సిన కిటుకు ఒక్కటే. ఆరాక కదలని రకం పెన్సిళ్ళలో మైనంతో పాటు గాలికి ఆవిరైపోయే ద్రవం కూడా ఉంటుంది. గీసిన అరనిమిషానికో నిమిషానికో అది ఎగిరిపోయి రంగు రెప్పకి పట్టేస్తుంది. ఆ తర్వాత ఎంత రుద్దినా రెప్ప ఎర్రబడడమే గాని గీత కదలదు. అందుకే ఒక కన్ను పూర్తయ్యాకే రెండోదాని జోలికి వెళ్ళాలి. మా అమ్మ ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టే కాటుకకి ఇలాంటి గడువు లేదు. ఎప్పుడు కావాలన్నా చెదురుతుంది, వద్దన్నా చెదురుతుంది. పొద్దున్న కంట్లో పెట్టుకుంటే మధ్యాహ్నానికి బుగ్గ మీదికి దిగుతుంది.

ఇక కోపం సంగతి. కిందటి వేసవిలో మా పెదనాన్న కూతురి పెళ్ళి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. పట్టుచీరలు కట్టిన ఆడవాళ్ళందరూ ఒకే గదిలో, ఏసీ ఉందన్న మాటే గాని ఉక్క. పార్లర్ అమ్మాయి పెళ్ళికూతురిని వదిలి కదలడం లేదు. నా కళ్ళు చూసి మా చిన్నపిన్ని "నాకూ అలాగే వెయ్యవే" అంది, అది విని ఆవిడకన్నా ముందే మిగతావాళ్ళు వరస కట్టారు. కంటికి పెట్టేవి ఒకరివొకరు వాడకూడదు, కళ్ళకలకలు అలా కూడా అంటుకుంటాయి. అందుకని మనిషి మారినప్పుడల్లా పెన్సిల్ కొస చెక్కుతున్నాను. ఉక్కకి మైనం మెత్తబడి షార్పనర్‌లోనే విరుగుతుంటే, వంటవాళ్ళ ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి తెచ్చి చెక్కాను. అది బాగానే పనిచేసింది.

కాని పెన్సిల్‌ని చెక్కగలం, స్పాంజిని ఏం చేస్తాం? సబ్బు పెట్టి కడగాల్సిందే. ఈ స్పాంజేమో పుల్లకి జిగురుతో అతికించి ఉంది. అప్పటికే వాడగా వాడగా మైనం పట్టి బిరుసెక్కింది, పొగలా చెదరగొట్టడం మానేసి గీతనే పెళ్ళగిస్తోంది. మా వదిన పక్కనుంచి చూసి, "అదేటే, పెట్టిన రంగు కూడా ఎత్తుకుపోతోంది!" అంది. ఇంకోసారి కడిగి, పిండి, పిన్ని రెండో కంటికి అద్దగానే తల ఊడి చేతిలోకి వచ్చేసింది. ఒక కన్ను పొగమంచు, రెండో కన్ను బొగ్గుగీత. అరనిమిషం గడువేమో నడుస్తోంది.

వదిన నన్ను పక్కకి నెట్టి ఉంగరం వేలితో రెప్ప మీద మెల్లగా అద్దింది. వేలి వెచ్చదనానికి మైనం కరిగి చక్కగా సాగింది. ఫోటోల్లో చూస్తే ఆ వేలితో చేసిన కన్నే బాగుంది. పిన్ని ఇప్పటికీ ఆ మాట నా దగ్గర అనకుండా ఉండదు. అంటే ఇన్నాళ్ళూ నేను పొగిడిన పనిలో పైరెప్ప వరకూ స్పాంజి అవసరమే లేదన్నమాట. కింది రెప్ప అంచున మాత్రం దానికి సాటి లేదు, అక్కడ వేలు పెడితే కంటికింద అంతా నలుపే.

కంటిని తాకే వస్తువు కడిగితే ఊడిపోతుంది, కడక్కపోతే బిరుసెక్కుతుంది. మార్చుకుందామంటే దీనికి సరిపడే విడి స్పాంజి నాకు దొరకలేదు. పెన్సిల్ ఇంకా సగం ఉండగానే దాని తోక చచ్చిపోతుంది. అసలు లోపం ఇదే, రంగుని నేను ఒక్క మాట అనను.

అనను అన్నానుగాని, ఒక్కటి ఉంది. హోమం దగ్గర కళ్ళంట నీళ్ళు కారి, కింది రెప్ప లోపల గీసింది అక్కడే మాయమైంది. పైరెప్ప మీదది తెల్లవారి అప్పగింతల ఏడుపుల దాకా చెక్కు చెదరలేదు. డబ్బా మీది గంటలు పైరెప్పకే లెక్కేసుకోండి. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి ఎండాకాలపు రాత్రి జనంలో తిరిగినప్పుడూ అంతే అయింది. ఇప్పుడు నలుపు ఆరాక దాని అంచున మెరుపులేని ఎర్రగోధుమ ఐషాడో అద్దుతున్నాను. చెమటకి నిలుస్తుంది, పైగా నా చామనఛాయ మీద ఉత్త నలుపు చెదిరితే బూడిద పూసినట్టు కనిపించే గొడవా ఉండదు. ఆ పొడి బుగ్గల మీద రాలుతుంది కాబట్టి ముఖానికి ఫౌండేషన్ కళ్ళు పూర్తయ్యాకే. తీసేటప్పుడు నీళ్ళతో పోదు. దూదికి కొబ్బరినూనె రాసి మూసిన రెప్ప మీద కాసేపు ఉంచితే, రుద్దకుండానే వచ్చేస్తుంది.

కోరాపుట్‌లో ఉండే మా అక్క కూడా ఇదే పెన్సిల్ వాడుతుంది. ఆ కొండల మీద చలికాలంలో అది గట్టిపడి రెప్పని లాగుతుందట. ముందు చేతి వెనకాల నాలుగు గీతలు గీసి వెచ్చబరుచుకుని పెట్టుకుంటుంది. కరగడం అన్న మాటే తనకి తెలియదు. కాబట్టి నేను చెప్పేదంతా సముద్రం పక్కన ఉక్కలో బతికే, రెప్పలు జిడ్డుగా ఉండే మనిషి మాటగా తీసుకోండి. లెన్సులు పెట్టుకునేవాళ్ళు రెప్ప లోపలి అంచు జోలికి పోకపోవడమే మేలు.

ఎప్పుడో పెళ్ళికో పేరంటానికో కళ్ళు దిద్దుకునేవాళ్ళయితే ఈ స్పాంజి పెన్సిల్ కొనుక్కోండి, పెన్సిల్ ఉన్నంతకాలం తోక కూడా ఉంటుంది. వారంలో రెండు మూడుసార్లు వేసుకునే నాకైతే కుదరలేదు. ఈసారి తోకలేని ఉత్త చెక్క పెన్సిలూ, విడిగా కడుక్కోదగ్గ చిన్న బ్రష్షూ కొన్నాను. రెండూ కలిపితే దీనికంటే ఎక్కువే అయింది. బ్రష్షు ఇంకా కొత్తది, అది ఎన్నాళ్ళొస్తుందో చూడాలి.