ఉసిరి జెల్: పది నెలలు రాసుకున్నాక

బీఫార్మసీ చివరి ఏడాది ప్రాజెక్టుకి ఉసిరికాయ సారంతో మొహానికి రాసుకునే జెల్ చేశాం. మార్కులు ఎప్పుడో వచ్చేశాయి, నేను మాత్రం ఆ జెల్‌ని వదల్లేదు. పోయిన కార్తీకం నుంచి ఈ శ్రావణం దాకా రోజూ రాత్రి రాసుకుంటూనే ఉన్నాను.

మొదటిసారి కాయల్ని ఇంట్లో ఇనప కత్తిపీట మీద తరిగాను. ముక్కల అంచులు నల్లబడ్డాయి, సారమంతా సిరా రంగుకి తిరిగింది. ఉసిరిలో టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు ఎక్కువ, ఇనుము తగిలితే నల్లబడతాయి. మా నాయనమ్మ తలకి ఆ నలుపు కోసమే ఉసిరిపొడిని ఇనప మూకుడులో నానబెట్టేది. నాకు ఆ నలుపే అడ్డమైంది. రెండోసారి స్టీలు చాకుతో తరిగి, నీడలో ఆరబెట్టి, పొడిచేసి, ఆల్కహాలు కలిపిన నీళ్లలో మూడు రోజులు నానబెట్టాం.

జెల్‌కి ఆధారం కార్బోపాల్ 940, నీళ్లని చిక్కబరిచే తెల్లటి పొడి. నీళ్లమీద కొద్దికొద్దిగా చల్లి రాత్రంతా వదిలేయాలి, ఒక్కసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. పొద్దున్నకి పలచటి మజ్జిగలా ఉంటుంది. ట్రైఇథనాలమైన్ అనే క్షారాన్ని చుక్కచుక్కగా వేస్తూ కలుపుతుంటే, ఏదో ఒక చుక్క దగ్గర చేతిలో గాజుకడ్డీ బరువెక్కుతుంది, ద్రవం తేటపడి ముద్దలా నిలుస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం నాకు ఇష్టం. కానీ ఉసిరి పులుపు కదా, సారం పడగానే పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) దిగి జెల్ గంజిలా జారిపోయేది. మళ్లీ చుక్కలు వేసి 5.8 దగ్గర ఆపాం. చర్మం కూడా కాస్త ఆమ్లగుణంలోనే ఉంటుంది కాబట్టి అంతకు మించి పెంచలేదు.

గాజుపలకల మధ్య పరుచుకునే పరీక్ష, మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగడం, ఇవన్నీ బాగానే గడిచాయి. దెబ్బతిన్నది రంగు దగ్గర. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో మూడు నెలలు ఉంచిన డబ్బా తేనె రంగు పోయి కాఫీ డికాక్షన్‌లా తయారైంది. ఫ్రిజ్‌లోది దాదాపు మారలేదు. నీళ్లలో, గాలి తగిలేచోట విటమిన్ సి ఎక్కువకాలం నిలవదు. క్రీము డబ్బాల మీద ఆ పేరు పెద్దక్షరాల్లో చూస్తే నాకు ఆ డికాక్షన్ రంగే గుర్తొస్తుంది.

ఇక వాడకం. చలికాలంలో ఇది ఒక్కటే చాలలేదు, ఆరాక బుగ్గలు లాగేవి. గ్లిజరిన్ పెంచాక నయం. ఎండాకాలంలో మాత్రం హాయిగా ఉంది: జిడ్డు లేదు, రెండు నిమిషాల్లో ఇంకిపోతుంది. గడ్డం మీద మూడు మొటిమల మచ్చల్ని నెలనెలా ఒకే కిటికీ దగ్గర ఫొటో తీశాను. రెండు పలచబడ్డాయి, ఒకటి అలాగే ఉంది. ఆ నెలల్లోనే సన్‌స్క్రీన్ కూడా మొదలుపెట్టాను కాబట్టి ఆ ఘనత ఉసిరికి కట్టలేను. తెల్లబడతామా అని అడుగుతున్నారు. తెల్లబడరు.

మా పిన్ని "మందులేవీ కలపకుండా చేసివ్వవే" అంటే కాదనలేక, బూజు పట్టకుండా కాపాడే ఫినాక్సీఇథనాల్ వేయకుండా చిన్న సీసా ఇచ్చాను. రెండు వారాలు తిరక్కుండానే మూత లోపల బూజు పట్టింది. పిన్ని దాన్ని మొహానికి రాసుకుంటోంది! అప్పటినుంచి ఎవరు ఎంత బతిమాలినా అలా చేయడం లేదు.

ఇప్పుడు వాడేదాంట్లో ఈడీటీఏ 0.1 శాతం వేశాను, లోహపు జాడలు ఏమైనా ఉంటే పట్టేస్తుందని. నాలుగో నెల నడుస్తోంది. ఫ్రిజ్ తలుపు అరలో ఇంకా తేనె రంగులోనే ఉంది.