ఆరేళ్లు వాడాక: ఒక పేక కట్ట, నాలుగు అర డాలర్లు

మేజిక్ పిచ్చి పట్టిన కొత్తలో రెండే కొన్నాను. ఒకటి బైసికిల్ బ్రాండు పేక, వెనక ‘రైడర్ బ్యాక్’ అనే బొమ్మ ఉన్నది. రెండోది అమెరికా నుంచి బావ చేత తెప్పించుకున్న నాలుగు కెనెడీ అర డాలర్ బిళ్లలు. నేనేం స్టేజీ ఎక్కేవాణ్ణి కాను. ఆఫీసులో టీ తాగేటప్పుడో, పెళ్లిలో భోజనాల పిలుపు కోసం చూసేటప్పుడో ఎదురుగా ఉన్న నలుగురికీ చేసి చూపిస్తాను, అంతే.

ముందు పేక సంగతి. ఇంట్లో రమ్మీకి వాడే మా ప్లాస్టిక్ ముక్కలు 57 మిల్లీమీటర్ల వెడల్పు, ఇవి 63. అరచేతిలో దాచడానికి సన్నవే నయమనుకున్నాను. కానీ రెండు ముక్కల్ని ఒకే ముక్కలా తిప్పాలంటే (డబుల్ లిఫ్ట్ అంటారు) ప్లాస్టిక్‌వి జర్రున విడిపోయేవి. ఈ కాగితపు ముక్కల మీద కంటికి ఆనని గుంటలుంటాయి. అందువల్ల పంచితే సాఫీగా జారతాయి, నొక్కితే కలిసి ఉంటాయి. వెనక బొమ్మ చుట్టూ తెల్ల అంచు ఉండటం ఇంకో సుఖం. కట్టలో ఒక ముక్క తిరగబడి ఉన్నా పక్కనుంచి తెలీదు. 1887లో వచ్చిన బొమ్మ ఇది. మేజిక్ కోసమే వేరుగా చేసిన తిరకాసు ముక్కలు కావాలన్నా ఈ బొమ్మతో తేలిగ్గా దొరుకుతాయి.

మాది విశాఖ. కాగితం పేక ఏదైనా సముద్రపు గాలికి తట్టుకోదు. జూలై వస్తే ముక్కలు అప్పడాల్లా వంగుతాయి, విసనకర్రలా విప్పబోతే గుంపులుగా అంటుకుంటాయి. రోజూ సాధన చేస్తే కట్ట మూడు వారాలు. బియ్యం డబ్బాలో దాచి చూశాను. పేక బాగుపడలేదు గానీ మా ఆవిడతో చీవాట్లు తిన్నాను. చవగ్గా వస్తోందని ఒకసారి ఎక్కడో కొన్న కట్ట నకిలీది. ఇస్పేటు ఆసు మీద అక్షరాలు అలికినట్టున్నాయి, రెండో రోజుకే అంచులు పొరలు విడిచాయి.

పేకతో ఇంకో చిక్కుంది, దానికి కంపెనీ ఏం చేయలేదు. సంక్రాంతికి అత్తారింట్లో కట్ట తీయగానే "పంచు బావా" అంటారు. ఒక్క ట్రిక్కు చూశాక ఇక జన్మలో నన్ను రమ్మీకి కూర్చోనివ్వరు.

బిళ్లల విషయంలో నా లెక్క తప్పింది. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు. అరచేతి కండ మధ్య నొక్కిపెడితే నా చేతిలో నిలవదు. అర డాలర్ 30.6 మిల్లీమీటర్లు, 11.34 గ్రాములు, అచ్చు కుదిరినట్టు కూర్చుంటుంది. చేతికి బాగానే ఉంది, చూసేవాళ్లకే బాలేదు. పరాయి దేశం బిళ్ల కనబడగానే "ఏదీ, ఇటివ్వు" అని లాక్కుంటారు. అటూ ఇటూ తిప్పి, కొరికి, నేల మీద కొట్టి చూస్తారు. ఈలోగా మేజిక్ చప్పబడిపోతుంది.

మూడేళ్లు ఇలా అవస్థ పడ్డాక, ఒక వరలక్ష్మీ వ్రతం రోజున నాయనమ్మ పూజ పళ్లెంలోని వెండి రూపాయి చేతిలోకి తీసుకున్నాను. ఐదో జార్జి బొమ్మ ఉన్నది. తులం బరువు, అంటే 11.66 గ్రాములు, అడ్డం 30.5 మిల్లీమీటర్లు. చిన్నప్పటి నుంచి కళ్లెదుటే ఉంది! పైగా ఇవి అరిగి నున్నబడ్డాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి జారుతున్నా గరగరలాడవు. అర డాలర్లు అలా కాదు, నా గుట్టు అవే బయటపెట్టేవి.

దీన్నీ చేతిలోకి తీసుకుంటారు, కానీ అనుమానంతో కాదు. "మా అమ్మమ్మ దగ్గర ఇలాంటివి నాలుగుండేవి, గాజులకు కరిగించేశారు" అంటూ ఒకాయన మొదలుపెడతాడు. పక్కాయన కళ్లజోడు సర్దుకుని సంవత్సరం చదవబోతాడు. నా రెండో చేతికి ఆ పాటి సమయం చాలు.

పేక మళ్లీ మళ్లీ కొంటున్నాను, కొంటాను. అర డాలర్లు మాత్రం సొరుగులో పడున్నాయి. నాయనమ్మ రెండు వెండి రూపాయలు ఇచ్చింది గానీ, శుక్రవారం పొద్దున్నకల్లా పళ్లెంలో ఉండాలంది. అందుకే శుక్రవారాలు నేను మేజిక్ చెయ్యను.