కంఠతా కార్డుల పెట్టె: ఏళ్లపాటు వాడిన తర్వాత

క్లాసికల్ పద్ధతిలో పిల్లల్ని ఇంట్లోనే చదివించే క్రైస్తవ కుటుంబాలకు గ్రామర్ దశలో, అంటే చిన్నపిల్లలు విషయాలు నోటికి నేర్చుకునే మొదటి దశలో, కంఠతా పనే పెద్ద బరువు. బైబిలు వాక్యాలు, లాటిన్ విభక్తులు, చరిత్ర తేదీలు వారం వారం కొత్తవి చేరుతుంటాయి, పాతవి జారిపోతుంటాయి. దీనికి మేం ఏళ్లుగా వాడుతున్నది ఇంటి చదువుల పుస్తకాలు వేసే సింప్లీ షార్లెట్ మేసన్ సంస్థ వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పెట్టె. కొనక్కర్లేదు. 3×5 అంగుళాల కార్డులు పట్టే డబ్బా, 41 డివైడర్లు చాలు: ‘రోజూ’ ఒకటి, ‘బేసి’, ‘సరి’ రెండు, ఆది నుంచి శని దాకా వారాలకు 7, తేదీలకు 31.

కొత్త కార్డు ‘రోజూ’లో మొదలవుతుంది. నోటికి వచ్చాక బేసికో సరికో వెళ్తుంది, అక్కడున్న పాతది వారంలోకి, వారంలోది తేదీలోకి జరుగుతుంది. 17వ తేదీ మంగళవారమైతే ‘రోజూ’, ‘బేసి’, ‘మంగళ’, ‘17’ నుంచి తీసి చెప్పించాలి, అంతే.

పద్ధతి చెడేది దాదాపు ఎప్పుడూ తొందరవల్లే. ఒకసారి తప్పు లేకుండా చెప్పగానే కార్డు జరపకండి. వరసగా మూడు రోజులు అందించకుండా చెప్పాలి. తేదీలో ఉన్న కార్డు తడబడితే ఒక మెట్టు కాదు, నేరుగా ‘రోజూ’కే వెనక్కి తేవాలి. 31వ తేదీ ఏడాదికి ఏడు నెలల్లోనే వస్తుంది, కాబట్టి అక్కడ బాగా పాతుకుపోయినవే ఉంచండి.

23వ కీర్తనలో ఆరు వచనాలున్నాయి. ఆరు కార్డులు చేస్తే అవి తలో అరలోకి చెదిరిపోతాయి. పిల్లలు ఏ వచనానికా వచనం చెప్తారు గానీ కీర్తన మొత్తం చెప్పలేరు. ఒకే కార్డు మీద వారానికో వచనం చేర్చుకుంటూ వెళ్లి, ఆరూ వచ్చాకే జరపండి. అమెరికాలో పెరిగే మన పిల్లలకు చిన్న అచ్చులో వత్తులు కనబడవు. తెలుగు వాక్యాలు 16 పాయింట్లకు తగ్గకుండా అచ్చు వేసి, వెనక వాడుక తెలుగులో అర్థం రాయండి.

లాటిన్‌కు ఇంకాస్త జాగ్రత్త కావాలి. నామవాచకాల చివర చేరే విభక్తి ప్రత్యయాలు ‘ఆ, ఏ, ఏ, ఆమ్, ఆ’ అని పాటలా వచ్చేస్తాయి, ఏది డేటివ్ (‘ఎవరికి’ అని చెప్పే విభక్తి) అంటే నోరు పెగలదు. అందుకే పట్టికకు ఒక కార్డు, ఒక్కో విభక్తికి చిన్న వాక్యంతో ఇంకో కార్డు. తెలుగు వ్యాకరణం తెలిసిన తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు: మన పట్టికలో కి, కు షష్ఠిలో ఉంటాయి, చతుర్థికి కొరకు, కై. లాటిన్ డేటివ్‌కు తెలుగులో మామూలుగా పలికేది ‘కు’నే. పైగా ‘పుఎల్లే’ అంటే ‘అమ్మాయి యొక్క’, ‘అమ్మాయికి’, ‘అమ్మాయిలు’ మూడూ అవుతుంది. మన విభక్తి పేర్లు అతికించకుండా ‘అమ్మాయికి, డేటివ్’ అనే రాయండి. ఉచ్చారణ కూడా ఒక్కటే పట్టుకోండి: ఆకాశం అనే మాట (caelum) చర్చి పద్ధతిలో ‘చేలుమ్’, ప్రాచీన పద్ధతిలో ‘కైలుమ్’. లాటిన్ కీర్తనలు పాడించాలనుకుంటే మొదటిదే మేలు.

‘ఎందుకు’ అని తర్కించే రెండో దశకు, అంటే లాజిక్ దశకు వచ్చేసరికి ఈ పెట్టె సగమే పనికొస్తుంది. క్రైస్తవ సంఘ పెద్దల నైసియా సభ 325, సంస్కర్త లూథర్ సిద్ధాంతాలు 1517 అని చెప్పగల పిల్లలకు ఎందుకు జరిగాయన్నది కార్డు చెప్పదు. చరిత్ర కార్డులు తీసేసి కాలరేఖ పుస్తకం, చర్చ మొదలుపెట్టండి. వాక్యాలు, లాటిన్ క్రియారూపాలు మాత్రం పెట్టెలోనే ఉండనివ్వండి.