పద్యాలకు ఒకటి, ఘాట్ రోడ్డుకు ఒకటి: సీమ శ్రోతకు ఏ మ్యూజిక్ యాప్?

మ్యూజిక్ యాప్‌కు డబ్బు కట్టే ముందు మీరు తరచూ వినే ఇరవై పాటలు కాగితం మీద రాసుకోండి. ఘంటసాల కాలం నాటివి, ఈ ఏడాది వచ్చినవి, భక్తి పాటలు, ఎక్కడా దొరకవేమో అనిపించేవి అన్నీ అందులో ఉండాలి. ఒక్కో యాప్‌లో ఉచిత ఖాతాతోనే వాటిని వెతకండి. నాలుగైదు దొరక్కపోతే ఆ యాప్‌ను అక్కడే వదిలేయొచ్చు. కోట్ల పాటలున్నాయని ప్రకటనల్లో చెప్పుకునే అంకెతో మనకు పనిలేదు.

వెతకడంలో ఒక చిక్కుంది. పాటల పేర్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో, తలా ఒక స్పెల్లింగ్‌తో ఉంటాయి. పల్లవి టైప్ చేస్తే దొరకని పాట, సినిమా పేరు కొట్టి ఆల్బమ్ తెరిస్తే దొరుకుతుంది. అన్నమయ్య కీర్తనలకు ఇంకాస్త ఓపిక కావాలి. ఒకే కీర్తనను పదులమంది పాడారు కాబట్టి గాయకుల పేరు కూడా చేర్చాలి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ పేరు ఇంటిపేరుతో ఒకసారి, ఒట్టి ‘జి’తో ఒకసారి కొట్టి చూడండి. పాత సినిమా పాటైతే గాయకుల పేర్లు, నిడివి సరిచూసుకోండి. మళ్లీ పాడించిన కవర్లు, రీమిక్స్‌లు పైకొచ్చి అసలు పాట అడుగున పడిపోతుంటుంది.

హరికథలు, పౌరాణిక నాటక పద్యాలు, చెక్కభజన, కోలాటం వినేవాళ్లు నేరుగా యూట్యూబ్ మ్యూజిక్‌కు వెళ్లడం మేలు. సురభి నాటకాలు 1885లో పుట్టిన కడప జిల్లాలో, పక్కనున్న కర్నూలు, అనంతపురం పల్లెల్లో పద్యమంటే ఇప్పటికీ చెవికోసుకునేవాళ్లున్నారు. ఈ రికార్డింగులు ఎక్కువగా ఆడియో కంపెనీల చేతికి వెళ్లవు. చిన్న ఛానళ్లవాళ్లు యూట్యూబ్‌లో పెడతారు, అక్కడే ఉంటాయి. అయితే యూట్యూబ్ సంగీతంగా గుర్తించని వీడియో మ్యూజిక్ యాప్‌లో కనిపించదు. మూడు గంటల నాటకానికి ఇదే జరగొచ్చు. అందుకే మ్యూజిక్ ప్రీమియం ఒక్కటే కాకుండా, అది కూడా కలిసి వచ్చే యూట్యూబ్ ప్రీమియం తీసుకోండి. స్క్రీన్ ఆపినా నాటకం నడుస్తుంది, మధ్యలో ప్రకటనలు రావు. మ్యూజిక్ యాప్ సెట్టింగ్స్‌లో ‘డోంట్ ప్లే మ్యూజిక్ వీడియోస్’ ఆన్ చేస్తే డేటా మిగులుతుంది. పిల్లలు కార్టూన్లు చూసే ఖాతాతో మాత్రం పాటలు వినొద్దు, సూచనలన్నీ కలగాపులగం అయిపోతాయి.

సినిమా పాటలే ఎక్కువ వింటూ, ప్రకటనలు భరించగలిగితే జియోసావన్ ఉచిత ఖాతా సరిపోతుంది. భాషలను మనమే ఎంచుకోవచ్చు కాబట్టి అడగని హిందీ పాటలు ముందుకు రావు. హిందూపురం, మడకశిర వైపు తెలుగుతో పాటు కన్నడం, కడపలో పెద్ద దర్గా ఖవ్వాలీలు ఇష్టపడే ఇంట్లో ఉర్దూ కూడా టిక్ చేసుకుంటే చాలు.

కొత్త పాటలు తనంతట తాను ఏరి పెట్టడంలో మా ఓటు స్పాటిఫైకే. ల్యాప్‌టాప్‌లో మోగే పాటను ఫోన్ నుంచి మార్చుకునే సౌకర్యం కూడా అందులో చక్కగా పనిచేస్తుంది. 1960ల పాట తర్వాత ఇప్పటి పాట వస్తే చెవి అదిరిపోకుండా ‘నార్మలైజ్ వాల్యూమ్’ ఆన్‌లో ఉంచండి. రాగమాలికలు, వరసగా సాగే పద్యాలు వినేటప్పుడు ‘క్రాస్‌ఫేడ్’ సున్నాలో ఉండాలి, లేకపోతే ముగింపు మీద తర్వాతి పాట ఎక్కేస్తుంది.

యాపిల్ మ్యూజిక్ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడుస్తుంది గానీ, ఎప్పటికీ ఉచితంగా వినే ఖాతా లేదు. 2021 నుంచి లాస్‌లెస్ (శబ్దంలో ఏదీ పోకుండా దాచిన) నాణ్యతకు అదనంగా డబ్బు అడగడం లేదు. వైరు హెడ్‌ఫోన్, మంచి స్పీకర్లు ఉన్నవాళ్లకు వీణ తీగ మీద గమకం తేడా తెలుస్తుంది. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కు లాస్‌లెస్ దండగ. బ్లూటూత్ ఆ శబ్దాన్ని మళ్లీ కుదించే పంపుతుంది. చోటూ ఎక్కువే పడుతుంది. యాపిల్ లెక్కలో 10 జీబీకి మామూలు నాణ్యతలో సుమారు 3000 పాటలు పడితే, లాస్‌లెస్‌లో 1000 పడతాయి.

డేటా లెక్క సులువే. పాట నాణ్యతను కేబీపీఎస్ అంకెతో చెబుతారు, అంకె పెరిగితే డేటా ఖర్చూ పెరుగుతుంది. 320 కేబీపీఎస్‌లో గంటకు 144 ఎంబీ, 160లో 72, 96లో 43 ఎంబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో 320 పెట్టుకుని పది గంటలు విన్నారంటే ఇక మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. దుకాణంలో పొద్దస్తమానం పాటలు మోగించేవాళ్లు మొబైల్ డేటాకు 96, వైఫైకి 320 అని విడివిడిగా పెట్టుకోవాలి.

కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లకు, కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి పోయేవాళ్లకు డౌన్‌లోడ్ తప్పనిసరి. నల్లమలలో సిగ్నల్ తెగితే ఏ ప్యాక్ ఉన్నా పాట ఆగిపోతుంది. ముందు రోజు రాత్రి వైఫైలో దింపుకుని, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రెండు మూడు పాటలు మోగించి చూడండి. డౌన్‌లోడ్ గుర్తు కనిపిస్తున్నా సగంలో ఆగిన ప్లేలిస్టు అప్పుడే బయటపడుతుంది. స్పాటిఫైలో 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు కలపకపోతే దింపిన పాటలు పోతాయి.

దింపిన పాటలు యాప్ లోపలే మోగుతాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని కారులో, ట్రాక్టర్‌లో పెట్టుకుందామంటే కుదరదు. చందా ఆగితే అవీ ఆగిపోతాయి. 2024లో ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్‌ను మూసేసింది. ఎన్నేళ్లు కట్టినా పాటలు మన సొంతం కావు కాబట్టి, పోగొట్టుకోలేని కీర్తనల సీడీలు ఉంటే పారేయకండి.

ధరలు తరచూ మారుతుంటాయి కనుక కట్టే రోజునే యాప్‌లో చూసుకోండి. ముగ్గురు నలుగురు వినే ఇంటికి ఫ్యామిలీ ప్లాన్ చవక. కానీ అందులో ఎంతమంది వినొచ్చో, అందరూ ఒకే చిరునామాలో ఉండాలేమో కట్టే ముందే చూసుకోండి. ఉచిత ట్రయల్‌కు యూపీఐ ఆటోపే అనుమతి అడిగితే ముగిసే తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. వద్దనుకుంటే కనీసం రెండు రోజుల ముందే చందా రద్దు చేసి, ఫోన్‌పే లేదా గూగుల్ పే ప్రొఫైల్‌లో ఆటోపే జాబితా తెరిచి ఆ అనుమతి కూడా పోయిందో లేదో చూడండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు.