మెట్టుగడ్డ రొట్టెల అక్క దగ్గర ఎనిమిది యూనిట్ల రాత్రి భోజనం

మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల పందిరి, దాని కింద రెండు కట్టెల పొయ్యిలు, ఒక చెక్కపీట, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. దుకాణానికి పేరు లేదు. రేకుకు కట్టిన ఫ్లెక్సీ మీద మాత్రం ‘వేడివేడి జొన్నరొట్టెలు, షుగర్ ఉన్నవారికి మంచిది’ అని ఉంటుంది. అందులో రెండో మాటతో నాకు పేచీ ఉంది. మొదటి మాట అక్షరాలా నిజం. పద్నాలుగు నెలలుగా వారంలో నాలుగైదు రాత్రులు నా భోజనం ఇక్కడే.

పదకొండో ఏట నాకు టైప్ 1 డయాబెటిస్ వచ్చింది. ఇప్పుడు ముప్పై ఒకటి. మాత్రలతో నడిచే షుగర్ కాదిది. ఇన్సులిన్ తయారుచేసే కణాలను నా ఒళ్లే నాశనం చేసుకుంది. రోజంతా పనిచేసే సూది రాత్రి ఒకటి వేసుకోవాలి. తిన్న ప్రతిసారీ ఆ తిండికి సరిపడా, త్వరగా పనిచేసే సూది ఇంకొకటి. కంచంలో పిండిపదార్థం ఎంత ఉందో తినకముందే తెలియాలి. అందుకే ఏ హోటల్‌కు వెళ్లినా నేను మొదట చూసేది రుచి కాదు, నిన్నటి కంచమూ ఈరోజు కంచమూ ఒకటేనా అని.

ఈ అక్క రొట్టెలు ఒకటే. మొదటి వారం చిన్న డిజిటల్ కాటా సంచిలో పెట్టుకుని వెళ్లి, ఆమె అనుమతి అడిగి పది రొట్టెలు తూచాను. అన్నీ 92 గ్రాములకూ 98 గ్రాములకూ మధ్యే ఉన్నాయి. కొలత గిన్నె లేదు, తూకం లేదు. వేడినీళ్లతో కలిపిన పిండిని పీట మీద అరచేతి మడమతో బాగా మెదుపుతుంది, గుప్పెడు తుంచుతుంది, తిప్పుతూ తడుతుంది. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన నీళ్లు అద్ది, తిరగేసి, చివరికి నిప్పుల పక్కన నిలబెడితే పొంగుతుంది. అదే పిండి కొనుక్కుని ఇంట్లో చేసి చూస్తే ఆ బరువు రొట్టెకు 60 గ్రాముల పిండి పట్టింది. అంటే దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం. నా లెక్కలో 10 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ ఇన్సులిన్, కాబట్టి రొట్టెకు నాలుగు, రెండింటికి ఎనిమిది. ఇది నా ఒంటి లెక్క. మీ లెక్క మీ డాక్టరుతో తేల్చుకోవాలి.

ఆ ఫ్లెక్సీతో నా పేచీ ఇక్కడే. జొన్నలో పీచు ఉంది, అన్నం కన్నా నిదానంగా అరుగుతుంది, నిజమే. కానీ జొన్నరొట్టె అంటే షుగరే పెరగదనుకుని టైప్ 1 ఉన్న పిల్లలకు సూది తగ్గించే తల్లిదండ్రులను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. జొన్నకూ ఇన్సులిన్ కావాలి.

ఇక్కడ నాకు దొరికిన ఇంకో సుఖం, పొయ్యి కళ్లెదుటే ఉండటం. నా సూది తినడానికి పది పదిహేను నిమిషాల ముందు పడాలి. జిల్లాలోనే ఒక పెద్ద హోటల్లో ఆర్డర్ చెప్పి సూది వేసుకుంటే నలభై నిమిషాల దాకా ప్లేటు రాలేదు. వంటగది తలుపు వెనక ఏం జరుగుతోందో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ రొట్టెకు మూడు నిమిషాలు. నా వంతుకు ముందు ఇంకా నాలుగు రొట్టెలు కాలాల్సి ఉంటే నా ఇన్సులిన్ పెన్ను తీసే వేళ అయిందన్నమాట.

ఒకసారి మాత్రం లెక్క తప్పింది. సూది వేసుకున్నాక ఎవరో బండి ఆపి ఇరవై రొట్టెల పార్సిల్ అడిగారు. అక్కకు సంగతి తెలియదు, నేనూ మొహమాటపడి చెప్పలేదు. కాసేపటికి చేతులు వణికాయి, మెడ వెనక చెమట పట్టింది. మీటరులో చూస్తే షుగర్ 64కి పడిపోయింది. గ్లూకోజ్ డబ్బా కోసం సంచిలో వెతుకుతుంటే ఆమే చూసి, పెనం దించి, లోటా నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి నా నోటికి అందించింది. పదిహేను నిమిషాలకు 88కి వచ్చింది. అప్పుడు రొట్టె పెట్టింది. పార్సిల్ మనిషి నిలబడే ఉన్నాడు, ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి కొత్త ఆర్డర్ తీసుకునే ముందు నా వైపు తిరిగి, “సూది అయిందా బిడ్డా?” అని అడుగుతుంది. అయిందంటే నా రొట్టెలే ముందు.

కూరల్లో పుంటికూర పప్పు, చిక్కుడుకాయ, వంకాయ బాగుంటాయి. పల్లీల కారం ఇంకా బాగుంటుంది, పాలమూరు పల్లీలకు ఆ కమ్మదనం ఉంది. బుధవారం ఆలుగడ్డ కూర ఉంటుంది, అది నన్ను దెబ్బకొట్టింది. కూరే కదా అని లెక్కలో వేయకుండా గిన్నె నిండా తిన్నాను, రెండు గంటల తర్వాత 236. మామూలు రోజుల్లో 150 దాటదు. ఇప్పుడు బుధవారం ఒక రొట్టె తగ్గించుకుంటాను. ఆదివారం మటన్‌లో నూనె పైకి తేలుతుంది. కొవ్వు అరుగుదలను వెనక్కి నెడుతుంది కాబట్టి సూది పని అయిపోయాక, అర్ధరాత్రి షుగర్ పెరుగుతుంది. రుచికి వంక పెట్టలేను కానీ నేను దాని జోలికి వెళ్లను.

లోపాలు చెప్పాలి. చేతులు కడుక్కోవడానికి సబ్బు ఉండదు, నేను తెచ్చుకుంటాను. వెలుతురు తక్కువ, పెన్ను మీద అంకె ఫోను లైటులో చూసుకోవాలి. ఎండాకాలం పొయ్యి వైపు కూర్చుంటే పెన్ను వేడెక్కుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటే ఇన్సులిన్ సత్తువ క్రమంగా తగ్గుతుంది. అక్క నాకు నీళ్లకుండ పక్కన ఒక చోటు చూపించింది.

రొట్టె 20 రూపాయలు, కూర 30. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, అమావాస్యకు సెలవు. పార్సిల్ తీసుకెళ్తే రొట్టె ఆరి పొద్దునకు 80 గ్రాములకు దిగుతుంది. అది చూసి సూది తగ్గించకండి. పోయింది నీరే, పిండి అలాగే ఉంది.